మామ్మ పెట్టెలో పాత చీర లేదు (గుడ్డా కులమూ – 6)



డిసెంబరు 25 మన వాడల్లో రెండు పండగల రోజు. గుమ్మానికి కాగితం నక్షత్రం కట్టి లోపల బల్బు వెలిగించుకునే పండగ అందరికీ తెలుసు. రెండోది కేలండర్లో ఉండదు. 1927లో అదే తేదీన కొంకణ తీరంలోని మహాడ్‌లో బాబాసాహెబ్ నాయకత్వంలో మనుస్మృతిని తగలబెట్టారు. సభకు ఎవరూ చోటివ్వకపోతే ఫత్తేఖాన్ అనే ముస్లిం తన స్థలం ఇచ్చాడు. తీర్మానం ప్రతిపాదించింది సహస్రబుద్ధే అనే బ్రాహ్మణుడు. ఈ రెండు పేర్లూ విద్యార్థి మిత్రులు గుర్తుపెట్టుకోవాలి, ఎప్పుడో ఒకప్పుడు వాదనలో పనికొస్తాయి.

ఆ తగలబెట్టిన పుస్తకం పదో అధ్యాయంలో 52వ శ్లోకం ఉంది. చండాలుడు ఎలా బతకాలో చెప్పే చోటు. శవాల మీది బట్టలే అతనికి బట్టలు, పగిలిన పాత్రలే కంచాలు, ఇనుమే నగ. ఊరి బయట ఉండాలి, తిరుగుతూ ఉండాలి. మనం ఎప్పుడూ ఊరి బయట అన్న ముక్క పట్టుకునే మాట్లాడతాం. నేను ఈ వ్యాసాల్లో మొదటినుంచీ అంటున్నది గుడ్డ ముక్క గురించి. ఊరి బయట ఉన్నవాణ్ణి ఊళ్లోకి వచ్చినప్పుడు కూడా గుర్తుపట్టాలంటే గుడ్డే కావాలి. గోడ ఇంటి దగ్గరే ఆగిపోతుంది, గుడ్డ మాత్రం మనిషితో పాటు నడుస్తుంది.

ఇప్పుడు ఇది ఎందుకు ఎత్తానంటే, ఈ డిసెంబరంతా మా కాలేజీ పిల్లల ఫోన్లలో ఒకటే గోల. అమ్మ పెళ్లి పట్టుచీర మీదికి కొత్త క్రాప్ టాప్. తాతగారి ఉన్ని కోటు కింద చిరుగుల జీన్సు. నాయనమ్మ కాసులపేరు, కాళ్లకి స్పోర్ట్స్ బూట్లు. బీచ్ రోడ్డులో నిలబడి ఫొటోలు. దీనికి వింటేజ్ అని పేరు. పండగ భోజనానికి ఇంటిల్లిపాదీ ఇలా పాతా కొత్తా కలిపి కట్టుకోవడం ఈ ఏడాది ముచ్చట. ముచ్చటే, కాదనను. పిల్లలు బాగానే ఉన్నారు. పైగా అంగడికి పరిగెత్తి కొత్తది కొనకుండా ఉన్నదాన్ని వాడుకుంటున్నారు.

వింటేజ్ అన్న మాట ముందు ద్రాక్షతోటలది. ఫలానా ఏడాది కోసిన ద్రాక్ష, ఫలానా తోటది అని చెప్పగలిగితే ఆ సారాకి ఆ మాట. అంటే పాతబడితే చాలదు, పుట్టుక తెలియాలి. ఎవరి తోట, ఏ సంవత్సరం, ఎవరి చేతి మీదుగా వచ్చింది అని. బట్ట విషయంలోనూ అంతే. మా నాయనమ్మది అని చెప్పుకోగలిగిన చీర వింటేజ్. ఎవరిదో తెలియని చీర, లేదా ఎవరిదో బాగా తెలిసిన చీర పాతగుడ్డ.

ఎవరిదో బాగా తెలిసిన చీర అంటే ఏమిటో మా మామ్మ చెప్పింది.

మామ్మకి ఎనభై అయిదు దాటాయి. నెల మొదట్లో మా అన్నయ్య కూతురు, డిగ్రీ రెండో ఏడాది, గాజువాక ఇంట్లో మామ్మ మంచం పక్కన చేరి, "పెద్దమామ్మా, నీ పాత చీర ఒకటి ఇవ్వవా, క్రిస్మస్‌కి జీన్స్ మీద కట్టుకుంటాను" అంది. మామ్మ ముందు నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసింది.

"పాత చీరేటే? నానేటి దాచుకుంతాను? దాచడానికి నాకు రెండోది ఉండాల కదే."

పిల్ల వదల్లేదు. పెళ్లి చీరైనా ఉంటుందిగా అంది.

"పెళ్లికి కట్టిందీ కామందు కోడలు కట్టి ఇడిసిందే. సంకురేత్రికి ఒకటి పడీసేవోరు. ఆ చీర ఊరంతటికీ ఎరికే. కళ్లంలోకి ఎల్తే, అదిగో చిన్నమ్మగారి చీర వస్తంది అనీవోరు. నా పేరెట్టి పిలిసినోడు లేడు. ఓలే, పాతగుడ్డలు కట్టకూడదనే కదే మీ తాతని పోర్టులోకి తోలినాను. నువ్వేమో మళ్లీ పాతది కావాలంటావు."

నేను తెలుగు సాహిత్యంలో పరిశోధన చేశాను. చీర కొంగు మీద పద్యాలు, పైట మీద పదాలు, అంచుల వర్ణనలు చాలా చదివాను. చీర ముందు నడిచి మనిషి వెనక నడిచిన ఈ వర్ణన మాత్రం ఎక్కడా చదవలేదు.

హరిశ్చంద్ర నాటకం చూడండి. మన ఉత్తరాంధ్ర తీర్థాల్లో ఇప్పటికీ తెల్లవార్లూ ఆడతారు. రాజు కాటికాపరి అయ్యాడని జనం ఏడుస్తారు. ఆ కాటి సీనులో పాడే పద్యాల్లో గుర్రం జాషువా పద్యాలు ఉన్నాయి, అవి లేకపోతే ఆ సీనే లేదన్నట్టు జనం వన్స్ మోర్ కొడతారు. రాజు నాలుగు రోజులు కాటికాపరి అయితే కన్నీళ్లు. తరతరాలుగా అదే కాటిలో శవం మీది గుడ్డ తీసుకుని బతికిన వీరబాహుడు మాత్రం ఆ నాటకంలో హాస్యానికీ భయానికీ మధ్య ఎక్కడో ఉంటాడు. శ్లోకంలో మనువు రాసిందే రంగస్థలం మీద వేషం అయింది. ఆ సీనులో పద్యం మాత్రం మనవాడిది. దీని మీద విడిగా రాయాలి, ఇప్పుడు వద్దు.

ఇందులో అసలు మంట పుట్టించే సంగతి వేరే ఉంది. విడిచిన గుడ్డ కట్టిన కులాల్లో గుడ్డ నేసినవాళ్లు ఉన్నారు. ఎడ్గార్ థర్స్టన్ 1909లో వెలువరించిన ఏడు సంపుటాల్లో మాలల గురించి రాసిన చోట, నేత వాళ్ల పనుల్లో ఒకటని ఉంది. సన్నబట్ట కాదు, ముతక నూలు. పొలంలో దిగేవాడు కట్టే బట్ట, దుప్పటి. మామ్మ పుట్టింటి పెరట్లో మగ్గం గుంట ఉండేదట, ఆమె ఎరిగేనాటికి అందులో కోళ్లు పడుకునేవి. మిల్లు నూలూ మిల్లు బట్టా వచ్చాక ముతక నేతకి గిరాకీ పోయింది. నేత పోయినవాళ్లకి మిగిలింది కూలి. శ్రీకాకుళం జిల్లా పొందూరు సన్నఖద్దరు అంటే అందరికీ తెలుసు. కొండపత్తి, వాలుగ చేప దవడతో పత్తి ఏకడం, అన్నీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. అది గొప్ప పనితనమే, సందేహం లేదు. కానీ మాలపేటల ముతక నేతకి ఒక మ్యూజియం అయినా లేదు. కట్టి కట్టి చిరిగిపోయే బట్టని ఎవరు దాస్తారు?

ముతక బట్ట కథ ఊళ్లో ఆగలేదు. ఈ విశాఖ తీరంలో 17వ శతాబ్దం చివర్లోనే ఈస్టిండియా కంపెనీ కోఠీ పెట్టింది, ముఖ్యంగా బట్టల కోసం. ఉత్తర సర్కారుల నుంచి పుంజం అనే రకం ఓడలెక్కింది. ఆ కాలంలో మన దేశపు నూలు బట్టలు మారకంగా ఇచ్చి ఆఫ్రికా తీరంలో మనుషుల్ని కొన్నారు. నీలిరంగు వేసిన ముతక రకాలు అమెరికా ఖండంలో తోటల్లో బానిసల ఒంటి మీదికి వెళ్లాయి. ఇక్కడ ఒంటి మీద గుడ్డ లేనివాడు నేసిన బట్ట అక్కడ ఒంటి మీద హక్కు లేనివాడికి వెళ్లింది. బొంబాయి డోంగ్రీ పేటలో అమ్మిన ఇలాంటి ముతక బట్ట పేరే ఇంగ్లీషులో డంగరీ అయింది. మన స్టీలు ప్లాంటు కార్మికులు ఇవాళ్టికీ ఒంటినిండా వేసుకునే పనిబట్టని డాంగ్రీ అనే అంటారు. జీన్సు కూడా పనివాడి గుడ్డే. లీవై స్ట్రాస్, జేకబ్ డేవిస్ 1873లో రాగి రివెట్లకి పేటెంటు తీసుకున్నది పని చేసేవాళ్ల జేబులు చిరిగిపోకుండా ఉండటానికి. ఇప్పుడు కావాలని చింపి అమ్ముతున్నారు, అది వేరే కథ.

మిషనరీల సంగతి చెప్పకుండా ఈ చరిత్ర నడవదు. లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు 1805లో విశాఖపట్నంలో దిగారు. క్రాన్, డెగ్రాంజెస్. సువార్తల్ని తెలుగులోకి అనువదించే పని ఇక్కడ మొదలుపెట్టారు. అదే సొసైటీ తిరువాన్కూరు దక్షిణ భాగంలోనూ పనిచేసింది. అక్కడ నాడార్ స్త్రీలు ఛాతీ కప్పుకోవడానికి అర్ధశతాబ్దం పోరాడాల్సి వచ్చింది. మతం మారినవాళ్లు రవిక తొడుక్కోవచ్చని 1813లో ఒక ఉత్తర్వు, దాని మీద గొడవలు, కొట్టుకోవడాలు, బళ్లు తగలబెట్టడాలు. చివరికి 1859 జూలై 26న రాజు ప్రకటన. ఆ ప్రకటనలో కూడా పై కులాల స్త్రీలు వేసుకునే పద్ధతిలో వేసుకోకూడదనే షరతు ఉంది. కప్పుకో, కానీ మాలా కప్పుకోకు! నాడార్లు మన అర్థంలో దళితులు కారు, ఆ తేడా మరవకూడదు. కానీ గుడ్డకి కులం ఉందనడానికి ఇంతకంటే రాతపూర్వక సాక్ష్యం ఏం కావాలి?

మిషన్ బళ్లల్లో మన ఆడపిల్లలకి సూదీ దారం ఇచ్చారు. కుట్టు నేర్పారు. దాని వెనక తెల్లదొరసానుల మర్యాద పాఠాలు ఉన్నాయి, లొంగుబాటు పాఠాలూ ఉన్నాయి, ఒప్పుకుంటాను. అయినా తన కొలతకి తాను కుట్టుకున్న రవిక ఒకటి చాలు, కామందు ఇంటి నుంచి వచ్చే రవిక వద్దనడానికి.

మళ్లీ మహాడ్‌కి వస్తాను. మనుస్మృతి తగలబెట్టిన సంగతి చెప్పి ఊరుకుంటారు అందరూ. ఆ సభల రోజుల్లోనే బాబాసాహెబ్ ఆడవాళ్లతో విడిగా మాట్లాడాడు. మీ కట్టు చూసి మీ కులం చెప్పేస్తున్నారు, మోకాళ్ల మీదికి చీర కట్టడం మానండి, పాదాల దాకా కట్టండి, గిల్టు కడియాలూ బరువు నగలూ తీసేయండి అని ఆ మాటల సారం. బట్ట చిరిగినదైనా ఫరవాలేదు, శుభ్రంగా ఉండాలన్నాడు. ఆ సభకి వచ్చినవాళ్లలో చాలామంది వెంటనే కట్టు మార్చారు. పుస్తకం కాల్చడం ఎంత తిరుగుబాటో కుచ్చిళ్లు పాదాల దాకా దించడం అంత తిరుగుబాటు. నన్నడిగితే రెండోది ఇంకా కష్టం. పుస్తకం ఒకసారి కాలుస్తాం, చీర రోజూ కట్టుకుని ఊళ్లోంచి నడవాలి.

1921 సెప్టెంబరులో మదురైలో గాంధీగారు చొక్కా విప్పి కొల్లాయికి మారారు. పేదవాడిలా కనిపించాలని. బాబాసాహెబ్ కోటూ టై వదల్లేదు. పేదవాడిలా కనిపించడం మనకి ఎంచుకునే సంగతి కాదు కాబట్టి. విగ్రహాల్లో నీలం కోటు చూసి దొరవేషం అని వెక్కిరించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. విప్పడానికి ముందు చొక్కా ఉండాలి కదా సార్.

మా తాత చొక్కా సంగతి. పోర్టు 1933లో మొదలైంది. మొదట్లో మాంగనీసు ఖనిజం, తర్వాత బైలదిల్లా నుంచి ఇనుప ఖనిజం. తాత అక్కడ కలాసీ. ఆయన కట్టిన పంచె ఏదీ తెల్లగా ఉన్నట్టు నాన్నకి గుర్తులేదు, ఎర్ర దుమ్ము నూలులోకి దిగిపోయేది. అయితే ఖాకీ చొక్కా ఇచ్చారు. ఎవరూ కట్టి విడిచింది కాదు, బట్ట మడత విప్పి దర్జీ కుట్టినది. మామ్మ ఆ చొక్కాని పెట్టెలో పెట్టింది. అవును, పెట్టెలో చీర లేదు గానీ చొక్కా ఉంది. పండగకి తాత అదే తొడుక్కుని చర్చికి వెళ్లేవాడట. ఆదివారం కూడా డ్యూటీ బట్టలేంటని ఎవరో నవ్వితే, ఇది నా కష్టంతో వచ్చింది అన్నాడట.

నాన్న స్టీలు ప్లాంటు. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలిస్తే వచ్చిన ప్లాంటు, 64 గ్రామాలు ఖాళీ చేయిస్తే వచ్చిన ప్లాంటు. ఆర్-కార్డు కోసం ఇంకా తిరుగుతున్న కుటుంబాలు మా వీధిలోనే ఉన్నాయి. నాన్న గోదావరి అని పేరున్న మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేశాడు. డాంగ్రీ నిండా నిప్పురవ్వల చిల్లులు. ఇనుమే వాళ్ల నగ అని రాసిన శ్లోకం చదివి ఆయన అన్నమాట: "సరే, నగ మేమే పోస్తున్నాం కదా." ఆ ఉద్యోగం రిజర్వేషన్‌తో వచ్చింది. 2021 జనవరిలో నూరుశాతం వాటా అమ్మేయాలని నిర్ణయం తీసుకున్నప్పుడు గాజువాక రోడ్ల మీద కూర్చున్నవాళ్లలో ఆయన ఉన్నాడు. ప్రైవేటు గేటు దగ్గర రోస్టరు ఉండదు. ఇంకో పిల్లకి ఆ డాంగ్రీ రాదు.

ఇక ప్లాంటుకీ పాతగుడ్డకీ ఉన్న చుట్టరికం చెప్పాలి. వీధిలోకి స్టీలు సామాన్ల గంపతో ఆడవాళ్లు వస్తారు, పాతబట్టలకి స్టీలు గిన్నెలు అని అరుస్తూ. మామ్మ తన చేత్తో కొన్న మొదటి నైలాను చీర, తర్వాత ఎన్టీ రామారావు కాలంలో సగం ధరకి వచ్చిన జనతా చీరలు, అన్నీ కొన్ని బొంతల్లోకి, కొన్ని ఆ గంపల్లోకి వెళ్లిపోయాయి. బదులుగా కంచాలు వచ్చాయి. పగిలిన పాత్రలో తినమన్న పుస్తకం ముందు పగలని కంచం. మా ఇంట్లో పండగ భోజనం ఆ కంచాల్లోనే. చీరలు లేవని పిల్ల బాధపడింది గానీ, అవి రోజూ దాని చేతిలోనే ఉన్నాయి.

కొత్తబట్ట అంటే తేలిక సంగతి అనుకునే మిత్రులకి ఒక చట్టం. అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ, 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. సెక్షన్ 3 చదవండి. సైకిలు గానీ మోటారు సైకిలు గానీ ఎక్కకుండా, బహిరంగ స్థలంలో చెప్పులు గానీ కొత్తబట్టలు గానీ వేసుకోకుండా, పెళ్లి ఊరేగింపు తీయకుండా అడ్డుకోవడం నేరం. కొత్తబట్టలు! 21వ శతాబ్దంలో పార్లమెంటు కూర్చుని ఈ మాట చట్టంలో రాయాల్సి వచ్చింది. రాసిన ఏడేళ్లకి, 2023లో, గుజరాత్ బనస్కాంఠా జిల్లా మోటా గ్రామంలో మంచి బట్టలూ నల్ల కళ్లద్దాలూ వేసుకున్నందుకు ఒక దళిత యువకుణ్ణి కొట్టారు. మన దగ్గర అలా జరగదులే అనేవాళ్లు చుండూరు గురించి ఇంకోసారి చదవాలి.

అందుకే మా ఇంట్లో ముచ్చట తిరగబడింది. క్రిస్మస్ రాత్రి భోజనానికి మామ్మ కొత్తది తప్ప కట్టనంది. గంజి కూడా పోని వెంకటగిరి చీర, లేత పసుపు, జరీ అంచు. ధర చీటీ తీయనివ్వలేదు, చర్చిలో అందరికీ చూపించాక తీసింది. పిల్ల జీన్సు మీద తాత ఖాకీ చొక్కా వేసుకుంది, చేతులు మడిచి. భుజం దగ్గర కొత్తగా కుట్టు వేయాల్సి వచ్చింది. అన్నయ్య కోటు వేసుకున్నాడు, ఏప్రిల్ 14కీ అదే. నాన్నని డాంగ్రీ వేసుకోమని పిల్లలు బతిమాలారు. ఆయన ఒప్పుకోలేదు, "అది వేసుకుంటే నాకు అన్నం సయించదు" అన్నాడు. పాతదంతా మురిపెం కాదు. ఆ వేడి పడ్డవాడు వద్దంటే వద్దు, అంతే. పలావూ కోడికూరా అరిసెలూ తిన్నాం. మామ్మ ఖాకీ చొక్కా కాలరు సరిచేసి, "ఇది మాత్తరం గంపలో ఎయ్యకండే" అంది.

ఫొటో తీశాం. నాలుగు తరాలు, ఖాకీ, జరీ, కోటు, జీన్సు. పిల్ల అప్పుడే పెట్టబోతే వదిన ఆపింది. దాని కుల ధ్రువీకరణ పత్రం పరిశీలనలో ఉంది. ఫొటోలో మామ్మ ఒళ్లో బైబిలు ఉంది, వెనక గోడ మీద నక్షత్రం ఉంది. బాప్తిస్మం తీసుకున్నది మామ్మ. అన్నయ్య వాళ్లు తీసుకోలేదు. కానీ ఫొటో చూసి ఫిర్యాదు పెట్టేవాడికి ఆ తేడా అక్కర్లేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా హిందువు కానివాడు షెడ్యూల్డ్ కులం కాదంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవులు బయటే. మన రాష్ట్రంలో వాళ్లని బీసీ-సిలో పెట్టి ఒక్క శాతం ఇచ్చారు. మామ్మని కళ్లంలో చిన్నమ్మగారి చీర అని పిలిచినవాడు ఆమె మతం అడగలేదు. పత్రం ఇచ్చేవాడు అడుగుతాడు.

ఫొటో ఇంకా పిల్ల ఫోన్లోనే ఉంది. అది పెట్టకుండా ఈ వ్యాసం పెడుతున్నాను.

వచ్చే ఆదివారం ఏడో భాగం తెల్లచీర గురించి. సంస్కార భోజనానికి కట్టే తెల్లచీర, నర్సుల తెల్లచీర, విధవకి కట్టబెట్టిన తెల్లచీర. ఈలోగా మీ ఇళ్లల్లో మామ్మల్నీ అమ్మమ్మల్నీ ఒక్క ప్రశ్న అడిగి నాకు రాయండి: సొంత డబ్బుతో కొన్న మొదటి చీర ఏ రంగు, ఎంతకి కొన్నారు, ఆ డబ్బు ఏ పనికి వచ్చింది. ఊరి పేరు రాయండి, మనుషుల పేర్లు అక్కర్లేదు.